పసి మెడపై పడిన కిరణం

థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన మనిషికి కొన్నేళ్ల తర్వాత రొమ్ములోనో లాలాజల గ్రంథిలోనో మరో క్యాన్సర్ కనబడితే, మొదటిదే పాకిందని ఇంటివాళ్లు అనుకుంటారు. పాకడం వేరు, కొత్తగా పుట్టడం వేరు. రెండూ విడివిడిగా పుట్టినవైతే వాటి మధ్య చుట్టరికం ఏమిటి? వంశంలో వెతకడం సహజమే. కానీ గత శతాబ్దపు చరిత్ర చదివితే, కొందరి విషయంలో ఆ చుట్టరికం కలిపింది వాళ్ల రక్తం కాదు, చిన్నప్పుడు వాళ్లకు జరిగిన వైద్యమే అని ఒప్పుకోక తప్పదు. పసిపిల్లల ఛాతీకీ మెడకూ తలకూ ఎక్స్‌రే పెట్టించడం ఒకప్పుడు మామూలు ఆచారం.

ఆ ఆచారం ఒక తప్పు కొలతతో మొదలైంది. ఉన్నట్టుండి చనిపోయిన పిల్లల్లో ఛాతీలోని థైమస్ గ్రంథి పెద్దదిగా ఉంటోందనీ, ప్రాణం తీసేది అలాంటి శరీరతత్త్వమేననీ 1889లో వియన్నాలో పాల్టాఫ్ సిద్ధాంతం చేశాడు. పెద్దది అంటే దేనికన్నా పెద్దది? శవపరీక్ష బల్ల మీదికి ఎక్కువగా చేరేవి తిండిలేక, దీర్ఘరోగాలతో చిక్కిపోయిన పేదపిల్లల దేహాలు. జబ్బులో థైమస్ కుంచించుకుపోతుంది. ఆ కుంచించిన గ్రంథే ప్రమాణమైపోయింది కాబట్టి, ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా పోయిన బిడ్డలోని మామూలు గ్రంథి రోగంలా కనిపించింది. పేదపిల్లల ఆకలి వైద్యశాస్త్రానికి కొలబద్ద కావడం ఈ కథలో నన్ను అన్నిటికన్నా కలచివేసే సంగతి. 1907లో అమెరికాలో ఈ ‘రోగానికి’ ఎక్స్‌రే వాడారు. థైమస్ ఆ కిరణాలకు ఇట్టే లొంగే గ్రంథి, చిక్కిపోయింది, బిడ్డ బతికాడు. ఏమీ చేయకపోయినా బతికేవాడే. అయినా వైద్యం ఫలించిందన్న పేరు వచ్చేసింది. అలాంటి రోగమే లేదని 1931లో బ్రిటన్ పరిశోధకుల సంఘం లెక్కలతో తేల్చినా, అమెరికాలో ఆ చికిత్స 1950ల దాకా సాగింది. కాబట్టి ‘ఆనాటి వాళ్లకు తెలియదు’ అన్న సమాధానం సగమే నిజం. కిరణం చేసే కీడు తెలియకపోవచ్చు. చికిత్స అక్కర్లేదని మాత్రం తెలుసుకునే వీలుండింది.

1950లో న్యూయార్క్ వైద్యులు డఫీ, ఫిట్జెరాల్డ్ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిన 28 మంది చిన్నవాళ్ల పాత వివరాలు చూస్తే, దాదాపు మూడో వంతు మందికి పసితనంలో థైమస్‌కు ఎక్స్‌రే పెట్టించి ఉంది. తర్వాత రోచెస్టర్‌లో హెంపెల్‌మన్ బృందం అలాంటి పిల్లలను దశాబ్దాలపాటు గమనిస్తూ వచ్చింది. వాళ్లలో థైరాయిడ్ క్యాన్సర్ పెరగడం ముందే తేలింది. 1989 నాటికి ఇంకో సంగతి బయటపడింది: కిరణం తగిలిన 1,201 మంది స్త్రీలలో 22 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, తగలని 2,469 మంది అక్కచెల్లెళ్లలో 12 మందికే వచ్చింది. వంశదోషం కాదా అని అడిగేవారికి ఇంతకన్నా సూటి జవాబు ఉండదు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లే వీళ్లంతా. ఇజ్రాయెల్‌లోనూ అంతే. తలలో తామరకు ఎక్స్‌రే పెట్టించిన దాదాపు 11 వేల మంది పిల్లలను వాళ్ల తోబుట్టువులతోనూ పోల్చి మోదాన్ బృందం 1974లో థైరాయిడ్ క్యాన్సర్ పెరిగిందని చెప్పింది. కిరణం పడింది తల మీద, మెడకు చేరింది కొద్దిపాటిదే. అదే పిల్లల్లో మెదడు పొరల కణితులూ చాలా రెట్లు పెరిగాయని 1988లో తేలింది.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. ఎక్కువగా వెతికితే ఎక్కువ దొరుకుతాయి. దక్షిణ కొరియాలో స్కానింగ్ విరివిగా చేయడంతో 1993 నుంచి 2011 లోపల థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి, మరణాలు మాత్రం మారలేదు. టాన్సిల్స్‌కు ఎక్స్‌రే పెట్టించుకున్నవాళ్లను 1974లో తిరిగి పిలిపించి పరీక్షించిన చికాగో ఆసుపత్రిలోనూ కొన్ని గడ్డలు అలా వెతకబట్టి దొరికినవే అయివుంటాయి. కానీ వెతుకులాట ఒక్కటే కారణమైతే అది అందరిలోనూ ఒకేలా పెంచాలి. రోచెస్టర్‌లో రొమ్ము క్యాన్సర్, చికాగోలో లాలాజల గ్రంథి కణితులు కిరణం మోతాదుతోపాటే పెరిగాయి. అన్నీ కిరణానివే అననూ అనలేం. పీటీఈఎన్ జన్యులోపం ఉన్న కొన్ని కుటుంబాల్లో రొమ్ము, థైరాయిడ్, గర్భాశయ క్యాన్సర్లు నిజంగానే కలిసి నడుస్తాయి.

థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే రేడియోయాక్టివ్ అయోడిన్‌కూ, మోతాదుతోపాటే ముప్పు పెరుగుతుందన్న తర్కం వర్తిస్తుంది. స్వీడన్, ఇటలీ, ఫ్రాన్స్‌లలో 6,841 మంది రోగులను పరిశీలించిన 2003 నాటి అధ్యయనంలో, మొత్తం మోతాదు పెరిగేకొద్దీ రెండో క్యాన్సర్ ముప్పు కొద్దికొద్దిగా పెరిగింది. అలాగని దీన్ని థైమస్ చికిత్సతో సమానం చేయడం అన్యాయం: అక్కడ రోగమే లేదు, ఇక్కడ పాకిన క్యాన్సర్‌ను ఈ అయోడినే అదుపు చేస్తుంది. చిన్న కణితి పూర్తిగా తీసేశాక కూడా అలవాటుగా ఇచ్చేసిన రోజుల సంగతి వేరు. 2015లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ తక్కువ ముప్పున్నవారికి దాన్ని మామూలుగా ఇవ్వనక్కర్లేదంది.