బొమ్మలో ఉన్నదెవరు?

మా మనవరాలు మెడిసిన్‌లో చేరింది. అనాటమీ పుస్తకం కొనాలంటే దాని వెంట నేనూ కోఠీ వెళ్ళాను. కొట్టతను రెండు అట్లాసులు ముందు పెట్టాడు. ఒకటి గీసిన బొమ్మలది, రెండోది ఫొటోలది.

నాకు గీసిన బొమ్మలే నచ్చాయి. ధమని ఎరుపు, సిర నీలం, నాడి పసుపు! ముగ్గులో రంగులద్దినట్టు ఎంత ముచ్చటగా ఉన్నాయో!

"లోపల ఆ రంగులుండవు అమ్మమ్మా, అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే ఫొటోలది కావాలి" అంది.

దాని మాటా నిజమే. 1543లో వెసాలియస్ బాసెల్‌లో అచ్చువేయించిన గ్రంథంలో ఉన్నవి చెక్క అచ్చుల బొమ్మలు. 1858 నాటి గ్రే పుస్తకానికి బొమ్మలు గీసిన కార్టర్ దొర తర్వాత బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. 1977లో మెక్‌మిన్, హచింగ్స్‌ల రంగు ఫొటోల అట్లాస్ వచ్చింది. చిత్రకారుడు చక్కదిద్ది చూపిస్తాడు, కెమెరా ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

గీసినా, ఫొటో తీసినా అసలు ప్రశ్న ఒకటుంది. ఆ శరీరం ఎవరిది? వియన్నాలో పెర్న్‌కోఫ్ అట్లాస్ బొమ్మలను లోకమంతా మెచ్చుకుంది. నాజీల కాలంలో మరణశిక్ష పడ్డ కనీసం 1,377 మంది శరీరాలు ఆయన సంస్థకు చేరాయని 1998లో ఆ విశ్వవిద్యాలయం విచారణలోనే తేలింది. వాళ్ళనెవరు అడిగారు?

"ముందు పేజీలు తిప్పవే" అన్నాను. శరీరాలు దానం చేసినవారికి కృతజ్ఞతలని ఫొటోల పుస్తకంలో ఉంది. అదే కొన్నాం.

పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకోవడం మనకు అలవాటు. ఇది తగలకపోయినా అద్దుకోవాలనిపించింది.