చెఱువుకట్టకు పెట్టుబడి యెవరిది?

చిత్తూరు, తిరుపతి సీమలలో స్వర్ణముఖి మొదలగు నేఱులు ఏడాది పొడవునను పారవు. చెఱువే సేద్యగానికి ప్రాణాధారము. చెఱువు త్రవ్వించుట యొకనాటి పుణ్యము. దానిని నిలుపుట యేటేటి వ్యయము. ఆ వ్యయమును పూర్వు లెట్లు భరించిరో సంగ్రహముగా విన్నవింతుము.

విజయనగర ప్రభువుల కాలమున తిరుమల స్వామికి భక్తు లర్పించిన ద్రవ్యముతో దేవాలయ గ్రామములందు చెఱువులు, కాలువలు త్రవ్వింపబడినట్లు శాసనములు తెలుపుచున్నవి. అందువలన పెరిగిన పంటతోనే నైవేద్యములు జరిగెడివి.

మఱి గ్రామములలో దశబంధ మాన్యము లుండెడివి. చెఱువు కట్టించినవానికి, బాగుచేసినవానికి భూమి నిచ్చి, మరమ్మతు భారము నతనిపై నుంచిరి. పూడిక తీయుటకు, కాలువలు బాగుచేయుటకు రైతులే కూడి శ్రమించెడివారు, ఇదియే కుడిమరామత్తు.

ఆంగ్లేయుల పాలనలో ఈ కట్టుబాటు సడలెను. కుడిమరామత్తు చేయనివారు ఆ పని వెలకు రెండింతలు చెల్లింపవలెనని చెన్నరాజధానిలో 1858లో చట్టమే చేయవలసివచ్చెను. అయినను పూర్వపు శ్రద్ధ మరలలేదు. తుదకు 1997లో ఆంధ్రప్రదేశ్ చట్టముచే నీటి వినియోగదారుల సంఘము లేర్పడి, నిర్వహణ భారము మరల రైతులకు సంక్రమించెను.

దండనమున కానిది పొత్తువలన నగునని మా తలంపు. నీరు త్రాగిన పొలమే కట్టకు వెచ్చింపవలెను; ఆ వెచ్చము లెక్క యూరందఱి యెదుట చదువవలెను. పన్ను కట్టితిమి, మా పని తీరినదని యూరకుండుట తగదు. గండిపడిన పిమ్మట బండ్లకొలది మన్ను తోలుటకంటె, ముందుగా తట్టెడు మన్ను వేయుట మేలుగదా!