నిజాం–కంపెనీ ఒప్పందాలు: సంతకాలతో పోయిన జిల్లాలు

హైదరాబాద్ రాజ్యంలో చాలా భూమి యుద్ధాల్లో కాదు, ఒప్పందాల్లో పోయింది. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

1766: ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ అంతకు ముందే మొఘల్ పాదుషా నుంచి ఫర్మానా తెచ్చుకుంది. దాంతో నిజాం అలీ ఖాన్‌కు బేరమాడే వీలు తగ్గింది. ఏటా కొంత సొమ్ము, అవసరమైతే సైనిక సాయం అనే షరతులపై ఆయన ఒప్పుకున్నారు. గుంటూరు మాత్రం 1788లో చేతులు మారింది.

1798: సైన్య సహకార ఒప్పందం. ఫ్రెంచ్ అధికారుల కింద ఉన్న దళాలను నిజాం రద్దు చేయాలి. కంపెనీ పటాలాలకు ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి.

1800: ఆ డబ్బుకు బదులు భూమే ఇచ్చేశారు. మైసూరు యుద్ధాల్లో నిజాంకు వాటాగా వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి వెళ్లాయి. ఇవే దత్తమండలాలు, తర్వాత రాయలసీమ అయ్యింది ఎక్కువగా ఈ ప్రాంతమే. కంపెనీకి చెప్పకుండా ఇతర రాజ్యాలతో మాట్లాడే హక్కు కూడా పోయింది.

1853: యుద్ధం వస్తేనే నిజాం తన సైన్యాన్ని పంపాలని 1800 నాటి షరతు. కానీ బ్రిటిష్ అధికారుల కిందున్న కంటింజెంట్ దళాన్ని శాంతికాలంలోనూ కొనసాగించారు. జీతాల బాకీ పెరిగింది. బాకీ కింద నాసిరుద్దౌలా బేరార్, రాయచూర్, ధారాశివ్ అప్పగించాల్సి వచ్చింది. చివరి రెండూ 1860లో తిరిగొచ్చాయి. బేరార్ రాలేదు. 1902లో ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుగా మారింది.

రక్షణ ఖర్చు అప్పుగా మారడం, అప్పు భూమిని మింగడం: వరుసగా జరిగింది ఇదే.