ఎనిమిది శతాబ్దాల శిల్పవైభవం – రామప్ప దేవాలయం

ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం పాలంపేట గ్రామంలో గల రామప్ప దేవాలయం కాకతీయుల నిర్మాణ నైపుణ్యానికి నిలువెత్తు నిదర్శనం. హైదరాబాద్‌కు ఈశాన్యంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఆలయాన్ని కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మింపజేశాడు. ఇక్కడి శాసనం శక సంవత్సరం 1135, అనగా క్రీ.శ. 1213 నాటిది. గర్భాలయంలోని స్వామి రుద్రేశ్వరుడు, రామలింగేశ్వరుడుగా పూజలందుకొంటున్నాడు. అయితే ఆలయం మాత్రం ప్రధాన శిల్పిగా ప్రతీతి పొందిన రామప్ప పేరిట ప్రసిద్ధికెక్కడం విశేషం.

తూర్పు ముఖంగా గల ఈ ఆలయం సుమారు ఆరడుగుల ఎత్తైన నక్షత్రాకారపు జగతిపై నిర్మితమైంది. గర్భగృహం, అంతరాళం, మూడు ప్రవేశద్వారాలు గల రంగమండపం ఇందులోని ప్రధాన భాగాలు. గోడలకు ఎర్ర ఇసుకరాయిని, స్తంభాలు, దూలాలు, శిల్పాలకు నల్లని డోలరైట్ శిలను వినియోగించారు. చూరు కింద నిలిచిన మదనికల విగ్రహాలు అద్దంలా నునుపు తేలి ఉంటాయి. ఇక్కడి నాట్యభంగిమలు, గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని రచించిన 'నృత్తరత్నావళి' ఆధారంగా ఆచార్య నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించారు.

ఆలయ మనుగడకు మూలం దాని నిర్మాణ విధానమే. పునాది గోతిని ఇసుకతో నింపి, దానిపై కట్టడాన్ని నిలిపారు. భూమి కదలికల తాకిడిని ఇసుక కొంతమేర తనలో ఇముడ్చుకొంటుంది. విమానానికి నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు వాడి, కింది గోడలపై భారాన్ని తగ్గించారు.

భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో గల ఈ కట్టడాన్ని 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తెలంగాణ నుండి ఈ గుర్తింపు పొందిన తొలి కట్టడమిది.

కాగా, ప్రధానాలయానికి సమీపంలోని కామేశ్వరాలయం శిథిలస్థితికి చేరగా, పునర్నిర్మాణం నిమిత్తం దానిని రాయి వెంట రాయిగా విప్పవలసి వచ్చింది. ప్రతి రాతిని దాని పూర్వస్థానంలోనే, పూర్వపద్ధతిలోనే నిలపడం ఎంత కష్టసాధ్యమో ఈ అనుభవం తెలియజేస్తోంది. కనుక చెక్కుచెదరని ప్రధానాలయాన్నే గాక, రేచర్ల రుద్రుడు తవ్వించిన రామప్ప చెరువును, చుట్టూ గల ఉపాలయాలను, కొండలను, పంటపొలాలను కలిపి ఒకే వారసత్వంగా పరిరక్షించవలసి ఉంది. చెరువు నేటికీ ఆయకట్టుకు నీరందిస్తోంది. ఆలయంలో నేటికీ దీపం వెలుగుతోంది.