లోహ బీజకణాలతో ఆక్సైడ్ నానోతీగల పెంపకం

జింక్ ఆక్సైడ్, టిన్ ఆక్సైడ్, ఇండియం ఆక్సైడ్ వంటివాటిని పదుల నానోమీటర్ల మందం, కొన్ని మైక్రోమీటర్ల పొడవు గల స్ఫటిక తీగలుగా పెంచడానికి లోహకణాలను, ఎక్కువగా బంగారాన్ని, బీజాలుగా వాడతారు. తీగ ఎక్కడ మొలవాలో, ఎంత లావుండాలో చాలావరకు ఈ కణం మీదే ఆధారపడుతుంది.

పద్ధతి పుట్టింది సిలికాన్‌తో. 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్తలు వాగ్నర్, ఎల్లిస్ దీన్ని వివరించారు. బంగారం 1064, సిలికాన్ 1414 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతాయి. తగిన పాళ్లలో కలిస్తే 363 డిగ్రీలకే ద్రవమవుతాయి. ఆ ద్రవపు బిందువు, తన చుట్టూ ఉన్న వాయువు నుంచి సిలికాన్‌ను పీల్చుకుని, ఇక ఇమడనప్పుడు అడుగున స్ఫటికంగా వదులుతుంది. స్ఫటికం పెరిగేకొద్దీ బిందువు దాని కొసనే ఉండి పైకి లేస్తుంది. బాష్ప–ద్రవ–ఘన విధానమన్న పేరు ఇందుకే.

2001లో బర్క్‌లీలో పైడాంగ్ యాంగ్ బృందం జింక్ ఆక్సైడ్ తీగలను ఇలాగే పెంచింది. జింక్ ఆక్సైడ్, గ్రాఫైట్ పొడుల మిశ్రమాన్ని సుమారు 900 డిగ్రీలకు వేడిచేస్తే కార్బన్ ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, జింక్ ఆవిరవుతుంది. ఆర్గాన్ ప్రవాహం ఆ ఆవిరిని నీలమణి పలక మీదికి చేరుస్తుంది. పలకపై ఉన్న పలుచని బంగారు పూత అప్పటికే వేడికి తామరాకు మీది నీటిలా బొట్లుబొట్లుగా విడిపోయి ఉంటుంది. పూత వేసిన చోటే తీగలు మొలుస్తాయి. బొట్టు ఎంత చిన్నదైతే తీగ అంత సన్నం. అయితే మరీ చిన్న బొట్టు వంపు ఎక్కువ కావడంతో, పెరుగుదలకు మరింత చిక్కని ఆవిరి కావాలి. ఈ తీగలే 385 నానోమీటర్ల వద్ద అతినీలలోహిత లేజర్ కాంతినిచ్చాయి.

అవి నిటారుగా నిలవడం మాత్రం బంగారం ఘనత కాదు. జింక్ ఆక్సైడ్ స్ఫటికం తన ప్రధాన అక్షం వెంట త్వరగా పెరుగుతుంది. నీలమణి పలకలోని పరమాణువుల అమరిక దానికి సరిపోయింది.

ఆక్సైడ్ల విషయంలో సిలికాన్ కథను ఉన్నదున్నట్టు అన్వయించలేం. బంగారంలో జింక్ సులువుగా కరుగుతుంది, ఆక్సిజన్ దాదాపు కరగదు. కాబట్టి రెండూ బొట్టు అంచున, స్ఫటికాన్ని తాకేచోట కలుస్తాయని భావిస్తారు. కొన్ని ప్రయోగాల్లో బంగారం కొసన కాక మొదట్లోనే ఉండిపోయింది. 2001లోనే జార్జియా టెక్‌లో జాంగ్ లిన్ వాంగ్ బృందం ఏ లోహబీజమూ లేకుండా ఆక్సైడ్ నానో పట్టీలను పెంచింది. అంచేత కొసన బంగారం కనిపించడం ఒక్కటే ద్రవబిందువు పనిచేసిందనడానికి రుజువు కాదు. ఘనరూపంలోని కణమూ తీగను పెంచగలదని 2007లో జెర్మేనియంపై జరిగిన ప్రత్యక్ష పరిశీలన చూపింది.

బంగారం మలినంగా మిగలకూడదనుకున్న చోట జింక్ నైట్రేట్, హెక్సామిన్ ద్రావణంలో, జింక్ ఆక్సైడ్ బీజాల మీదనే, సుమారు 90 డిగ్రీల వద్ద తీగలను పెంచుతారు.