ఎముక కణజాలం: పరిశోధన చరిత్ర

ఎముక కణజాలం బరువులో సుమారు మూడింట రెండు వంతులు కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం. మిగతాదాంట్లో కొలాజెన్ పోగులే ఎక్కువ. ఖనిజం వల్ల గట్టిదనం, కొలాజెన్ వల్ల పెళుసుగా విరిగిపోని గుణం వస్తాయి. చూపుకు రాయిలా ఉండే ఈ పదార్థం నిత్యం కరుగుతూ, మళ్లీ పేరుకుంటూ ఉంటుందని గ్రహించడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది.

1691లో లండన్ వైద్యుడు క్లాప్టన్ హేవర్స్ ఎముకలోని సన్నని గొట్టాలను వర్ణించాడు. వాటిలో మజ్జ నూనె పారుతుందనుకున్నాడు. నిజానికి అవి రక్తనాళాలు నడిచే దారులు. అయినా హేవర్షియన్ కుల్యలని ఆయన పేరే నిలిచింది.

అసలు మలుపు అద్దకం రంగుతో వచ్చింది. ఒక అద్దకందారు ఇంట భోజనానికి వెళ్లిన శస్త్రవైద్యుడు జాన్ బెల్చియర్, వడ్డించిన పంది మాంసంలో ఎముకలు ఎర్రగా ఉండటం గమనించి 1736లో ఆ సంగతి ప్రకటించాడు. ఆ పందులు తిన్న తవుడులో మంజిష్ఠకు దగ్గరి చుట్టమైన మ్యాడర్ వేరు రంగు కలిసి ఉంది. ఫ్రాన్సులో వృక్షశాస్త్రవేత్త దుహామెల్ దు మోన్సో దీన్ని అందిపుచ్చుకున్నాడు. జంతువులకు మ్యాడర్ కొన్నాళ్లు పెట్టి, కొన్నాళ్లు మాన్పిస్తే ఎముకలో ఎరుపు, తెలుపు పొరలు ఒకదాని మీద ఒకటి ఏర్పడ్డాయి. బెరడు కింద కలప చేరినట్టే, ఎముకను కప్పిన పర్యస్థిక కింద కొత్త ఎముక చేరుతోందని ఆయన తేల్చాడు. కానీ ఎదిగే ఎముక చుట్టూ చుట్టిన వెండి తీగ కొంతకాలానికి లోపలి మజ్జ గదిలో తేలింది! ఎముక సాగడమే కారణమని దుహామెల్ సర్దిచెప్పుకున్నాడు. బయట చేరుతుంటే లోపల కరుగుతోందని చెప్పినవాడు శస్త్రవైద్యుడు జాన్ హంటర్. ఈ చరిత్రలో అంతకు మించిన అంతర్దృష్టి మరొకటి లేదనవచ్చు.

ఎముక రెండు దారుల్లో పుడుతుందని రాబర్ట్ నెస్బిట్ 1736లోనే రాశాడు: పుర్రె పైభాగపు పలక ఎముకలు నేరుగా పొరలోంచి, తొడ ఎముక వంటివి ముందు మృదులాస్థిగా ఏర్పడి ఆ తర్వాత.

ఈ పని చేసే కణాలు 19వ శతాబ్దంలో బయటపడ్డాయి. ఎముకను కట్టే కణాలకు 1864లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త గెగెన్‌బార్ ఆస్టియోబ్లాస్ట్ అని పేరు పెట్టాడు. అనేక కేంద్రకాలుండి, ఆమ్లంతో ఖనిజాన్ని, ఎంజైములతో కొలాజెన్‌ను కరిగించే ఆస్టియోక్లాస్ట్ పాత్రను 1873లో కోలికర్ వివరించాడు. ఒకచోట తవ్వకం వారాల్లో ముగిసినా, ఆ గుంట పూడటానికి నెలలు పడుతుంది.

ఎముకలోని ఖనిజం మనం తాగే నీటిని బట్టి కూడా మారుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లతో ఎముకలు మందమై, వెన్ను బిగుసుకుపోవడాన్ని 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం అప్పటి నెల్లూరు జిల్లా నుంచి నమోదు చేసింది. నల్గొండ పల్లెలకూ ఈ బాధ తెలిసిందే.

1965లో మార్షల్ యూరిస్ట్ ఖనిజం తీసేసిన ఎముక ముక్కను కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టింది. అందుకు కారణమైన ప్రోటీన్ల అన్వేషణ అక్కడినుంచే మొదలైంది. ఇక ఎముక కణాల సంగతికి వస్తే, తాను కట్టిన ఎముకలోనే చిక్కుకుపోయిన ఆస్టియోబ్లాస్ట్ ఆస్టియోసైట్‌గా మారుతుంది. చాలాకాలం దాన్ని సోమరి కణంగానే చూశారు. ఒత్తిడిని పసిగట్టి, ఎక్కడ కట్టాలో ఎక్కడ కరిగించాలో సంకేతాలిచ్చేది అదేనని ఇప్పుడు తెలుసు. అది విడుదల చేసే స్క్లెరోస్టిన్ కొత్త ఎముక కట్టడాన్ని అణచిపెడుతుంది. దాన్ని అడ్డుకునే రోమోసోజుమాబ్ అనే మందుకు 2019లో అమెరికాలో అనుమతి లభించింది.