శిశువులకు తొడిగే పర్యవేక్షణ పరికరాలు: పరిమితులు, ప్రమాదాలు

పసిపిల్లల పాదానికి మేజోడులా తొడిగే కొన్ని పరికరాలు గుండె వేగాన్ని, రక్తంలోని ఆక్సిజన్ స్థాయిని తల్లిదండ్రుల ఫోన్‌కు చేరవేస్తాయి. ఇవి చర్మంలోకి కాంతిని పంపి, రక్తం దానిని ఎంత పీల్చుకున్నదో గమనించి ఆక్సిజన్ శాతాన్ని లెక్కిస్తాయి. శిశువు కాలు కదిపినా, పరికరం వదులైనా లెక్క తప్పవచ్చు.

అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ఇటువంటి రెండు పరికరాలను 30 మంది శిశువులపై పరీక్షించి, 2018లో ఫలితాలను ప్రచురించారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒక పరికరం కొన్నిసార్లు మాత్రమే గుర్తించగా, రెండోది ఒక్కసారి కూడా గుర్తించలేదు.

అనుమతి లేకుండా వైద్య పరికరాన్ని విక్రయిస్తున్నారంటూ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2021 అక్టోబరులో ఔలెట్ సంస్థకు హెచ్చరిక లేఖ పంపింది. ఆ సంస్థ ఉత్పత్తులు రెండింటికి 2023లో అనుమతి లభించింది. అయితే, నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాలను ఇటువంటి పరికరాలు నివారిస్తాయనడానికి ఆధారాలు లేవు.

తప్పుడు హెచ్చరిక మోగితే అనవసర భయం, ఆసుపత్రి పరీక్షలు తప్పవు. మోగవలసినప్పుడు మోగకపోతే ముప్పు మరింత తీవ్రం. పరికరం ఉందన్న ధీమాతో పడక విషయంలో అజాగ్రత్త వహించడం అన్నింటికన్నా ప్రమాదకరం.

మరణ ముప్పును తగ్గించే మార్గంగా ఈ పరికరాలను వాడవద్దని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2022 మార్గదర్శకాల్లో సూచించింది. శిశువును వెల్లకిలా, గట్టిగా, సమతలంగా ఉన్న వేరే పడకపై, తల్లిదండ్రుల గదిలోనే పడుకోబెట్టాలి. పడకపై దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు ఉంచరాదు. పెదవులు నీలిరంగుకు మారినా, శ్వాసకు ఇబ్బంది పడుతున్నా, ఫోన్‌లో అంకెలు సాధారణంగా కనిపిస్తున్నప్పటికీ శిశువును వెంటనే ఆసుపత్రికి తరలించాలి.